పాయింటు సఖినేటిపల్లిలో, అడ్రసు నరసాపురంలో! కోఆర్డినేట్లని సరైన చిరునామాలుగా మార్చేదెలా?

ఐసుబండి_అమలాపురం
మాది ఐసు, రొయ్యల మేత సరఫరా. డ్రైవరు చెరువు దగ్గర బండి ఆపగానే ఫోనులో ఒక బటన్ నొక్కుతాడు. ఆ చోటి లాటిట్యూడ్, లాంగిట్యూడ్ నాకు వచ్చేస్తాయి. రెండేళ్లలో 6,400 పాయింట్లు పోగయ్యాయి. వాటిని ఊరు, మండలం, పిన్‌కోడ్‌తో సహా అడ్రసులుగా మార్చి బిల్లుల్లో వేద్దామని ఒక ఆన్‌లైన్ సేవకి డబ్బు కట్టాను. వచ్చిన ఫైలు చూస్తే ఏడుపొచ్చింది. సగానికి పైగా "పేరులేని రోడ్డు". అమలాపురం చుట్టుపక్కల పాయింట్లకి జిల్లా ఇంకా తూర్పు గోదావరే. కొన్ని సముద్రంలో పడ్డాయి.

అన్నిటికంటే ఘోరం ఇంకోటి. సఖినేటిపల్లిలో ఏటిగట్టు పక్కనున్న చెరువుకి నరసాపురం అడ్రసు ఇచ్చింది. కొత్త డ్రైవరు ఆ కాగితం పట్టుకుని నరసాపురం వెళ్లిపోయాడు. రేవులో నిలబడి ఫోను చేసి, "చెరువు అవతలి ఒడ్డున ఉన్నట్టుందండీ" అన్నాడు. ఐసు లోడుతో ఉన్న లారీని పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కించలేం. పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం మీదుగా చుట్టి వచ్చేసరికి ఐసు చాలావరకు నీరైపోయింది. రైతు అప్పటికే పట్టుబడి మొదలెట్టేసి, రొయ్యలు గట్టు మీద పోసుకుని కూర్చున్నాడు. ఆయన మొహం చూడలేకపోయాను. దీనికి దారి ఉంటే చెప్పండి.

కొబ్బరాకు
డ్రైవరుకి పాయింటే పంపితే పోయేది కదండీ, మ్యాపే తీసుకెళ్లేది.

ఐసుబండి_అమలాపురం
పంపొచ్చు. కానీ బిల్లుకీ ఆడిటరుకీ ఊరి పేరు కావాలి, అంకెలు పనికిరావు. పైగా అంతర్వేది వైపు గట్ల మీద మాకు సిగ్నల్ సరిగ్గా అందదు. డ్రైవర్లు కాగితాన్నే నమ్ముకుంటారు.

మ్యాపులమేస్త్రి
పాయింటుని అడ్రసుగా మార్చడాన్ని రివర్స్ జియోకోడింగ్ అంటారు. నేను పదేళ్లుగా, ఎవరైనా గీయగల ఉచిత మ్యాపు అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన వైపు రోడ్లు, కాలువలు గీస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ప్రతి పాయింటుకీ ఎక్కడో ఒక అడ్రసు రాసి పెట్టి ఉంటుందని, టూలు దాన్ని వెతికి ఇస్తుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. ఉదాహరణకి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం మీద నడిచే అడ్రసుల టూలు నామినాటిమ్‌ని తీసుకోండి. మీరిచ్చిన పాయింటుకి దగ్గరలో, అడ్రసుకి పనికొచ్చే వస్తువు ఏముందో చూస్తుంది. అది ఇల్లు కావచ్చు, రోడ్డు కావచ్చు, గుడి కావచ్చు. దొరికిన వస్తువు తాలూకు అడ్రసుని మీకు ఇస్తుంది. అంటే అది మీ చెరువు అడ్రసు కాదు, మీ చెరువుకి దగ్గరగా మ్యాపులో ఉన్న ఇంకోదాని అడ్రసు. వాళ్ల డాక్యుమెంటేషన్‌లో ఈ మాట స్పష్టంగానే రాసి ఉంటుంది.

మిగతా సేవల లోపలి పద్ధతి వేరుగా ఉండొచ్చు గానీ, మ్యాపులో లేని ఊరిని ఏ టూలూ పుట్టించలేదు. హైదరాబాదులో ప్రతి పది గజాలకీ ఒక పేరు దొరుకుతుంది కాబట్టి తేడా తెలియదు. మన దగ్గర చెరువు చుట్టూ చెరువులే. దగ్గరలో పేరున్నదేదీ లేకపోతే టూలు దూరం చూస్తుంది. దానికి దూరం అంటే సూటిగా గీత గీసి కొలిచే దూరమే. మధ్యలో వసిష్ఠ గోదావరి ఉందా, పంట కాలువ ఉందా అని చూడదు. మీ సఖినేటిపల్లి చెరువు నరసాపురం పోవడం ఇలాగే జరిగి ఉంటుంది.

పంటుదారి
మాది సఖినేటిపల్లే. మాకిది ఎప్పుడూ ఉండే బాధే. పార్సిలు తెచ్చిన కుర్రాడు అవతలి రేవు నుంచి ఫోను చేసి "మీ ఇంటికి 900 మీటర్లే చూపిస్తోంది" అంటాడు. నిజమే బాబూ, ఈత వస్తే అంతే.

భీమవరం_కోడర్
సముద్రంలో పడ్డవాటి సంగతి నేను చెప్తాను, ఇవి టూలు తప్పులు కావు. రెండు కారణాలు ఉంటాయి.

మొదటిది, డిగ్రీలు నిమిషాల గందరగోళం. అమలాపురం ఉజ్జాయింపుగా 16 డిగ్రీల 35 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి దశాంశాల్లో అది 16.583. ఎవరో చేత్తో ఎక్కించేటప్పుడు 16.35 అని కొట్టేస్తారు. ఆ తేడా దక్షిణంగా పాతిక కిలోమీటర్ల పైనే. ఓడలరేవు దాటి బంగాళాఖాతంలో తేలుతారు.

రెండోది, అంకెలు తారుమారు కావడం. మనం మాట్లాడేటప్పుడు ముందు లాటిట్యూడ్ చెప్తాం. జియోజేసన్ అనే మ్యాపు ఫైల్లో మాత్రం లాంగిట్యూడ్ ముందు రాయాలి. 16.58, 82.00 తిరగబడితే మీ చెరువు ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రంలో ఉంటుంది.

కొబ్బరాకు
ఐసుకి అక్కడ ఢోకా లేదు 😄

ఐసుబండి_అమలాపురం
@భీమవరం_కోడర్ ఇప్పుడే చూశాను. మొదట్లో మా చెల్లెలు చేత్తో ఎక్కించిన 140 పాయింట్లలోనే ఈ తేడా ఉంది. దాన్ని రెండేళ్లూ ఊరికే తిట్టాను. డిగ్రీలు, నిమిషాలు ఎలా రాయాలో నేనే చెప్పలేదు.

భీమవరం_కోడర్
దశాంశాలు ఎన్ని దాచారో కూడా చూడండి. లాటిట్యూడ్‌లో ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు. మూడు దశాంశాలే ఉంచితే ఒక్కో మెట్టు 110 మీటర్లు. కోనసీమలో 110 మీటర్లు జరిగితే కాలువ దాటేస్తారు! ఎక్సెల్లో గడికి దశాంశాలు తక్కువగా పెట్టి ఉంటే కనిపించే అంకెలు తగ్గుతాయి, దాన్ని అలాగే సీఎస్‌వీగా దాచితే పోయిన అంకెలు పోయినట్టే. కనీసం ఐదు ఉంచండి, ఒక మీటరు దాకా సరిపోతుంది.

మ్యాపులమేస్త్రి
పై మాటకి ఇంకోటి కలుపుతాను. డ్రైవరు బండి ఆపిన వెంటనే బటన్ నొక్కితే, కొన్ని ఫోన్లు అంతకు ముందు దాచుకున్న పాత చోటునే ఇచ్చేస్తాయి. పాయింటుతోపాటు ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో కూడా ఫోను చెప్తుంది. ఆ అంకెని కూడా దాచండి. 50 మీటర్ల కంటే ఎక్కువ ఉంటే మళ్లీ నొక్కమనండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలోంచి చోటు తీద్దామనుకోకండి, పంపేటప్పుడే ఆ వివరం పోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉంటుంది.

యానాం_పిల్ల
మా బాధ కూడా వినండి. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోది. చుట్టూ ఆంధ్రప్రదేశ్. మా పిన్‌కోడ్ 533464, అంటే మొదటి మూడంకెలూ పాత తూర్పు గోదావరివే. పిన్‌కోడ్ చూసి రాష్ట్రం నింపే టూళ్లు మమ్మల్ని ఆంధ్రలో కలిపేస్తాయి. అడ్రసులో "పుదుచ్చేరి" చూసినవాళ్లు పార్సిలుని తమిళనాడు వైపు పంపేస్తారు. రెండూ మా ఇంట్లో జరిగాయి.

ఐసుబండి గారూ, మీరు తాళ్లరేవు వైపు, ఎదుర్లంక వైపు కూడా మేత వేస్తుంటే జాగ్రత్త. జీఎస్టీలో ఆంధ్రప్రదేశ్ కోడ్ 37, పుదుచ్చేరి కోడ్ 34. హద్దు దగ్గర చెరువుకి రాష్ట్రం తప్పు పడితే, రాష్ట్రంలో అమ్మిన పన్నా, బయట అమ్మిన పన్నా అన్నదే మారిపోతుంది.

ఐసుబండి_అమలాపురం
అమ్మో. యానాం పక్కన మాకు 30 దాకా చెరువులున్నాయి. ఇది నాకు తట్టనే లేదమ్మా, చాలా మేలు చేశావు.

మ్యాపులమేస్త్రి
యానాం_పిల్ల చెప్పినదాంట్లోనే అసలు కీలకం ఉంది. రాష్ట్రం, జిల్లా, మండలం ఏవో తెలుసుకోవడానికి "దగ్గరలో ఏముంది" అని అడగకూడదు. "ఈ పాయింటు ఏ హద్దు లోపల ఉంది" అని అడగాలి. రెండూ వేరు ప్రశ్నలు. హద్దుల గీతలు మీ దగ్గర పెట్టుకుని, పోస్ట్‌జీఐఎస్‌లో గానీ క్యూజీఐఎస్‌లో గానీ (రెండూ మ్యాపు లెక్కల ప్రోగ్రాములు) పాయింటు ఏ గీత లోపల పడిందో చూడండి. అవతలి ఒడ్డు ఎంత దగ్గరున్నా అప్పుడు మోసం జరగదు, హద్దు నది మధ్యలోంచి పోతుంది కాబట్టి. హద్దుల ఫైలు మాత్రం 2022 ఏప్రిల్ 4 తర్వాతిది కావాలి. కోనసీమ జిల్లా వచ్చింది ఆ రోజునే. మీ సేవ ఇంకా తూర్పు గోదావరి అంటోందంటే పాత ఫైలు మీద నడుస్తోందన్నమాట.

పోస్టుసంచి_534
పిన్‌కోడ్‌ని జిల్లాతో ముడిపెట్టొద్దు, దయచేసి. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. అది తపాలా పంపిణీ కోసం పెట్టిన అంకె, జిల్లాలు మారితే మారదు. కొవ్వూరు ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉంది, పిన్‌కోడ్ మాత్రం 534350. పాత పశ్చిమ గోదావరి వరస. ఎవరో "పిన్ తప్పు" అని దిద్ది 533 వేస్తే ఆ ఉత్తరం ఒక రోజు ఎక్కువ తిరుగుతుంది.

నేను పల్లెలో ఉత్తరాలు పంచుతాను. కవరు మీద రోడ్డు పేరు ఉన్నా లేకపోయినా నాకు పనిలేదు. ఇంటి పెద్ద పేరు, ఏ రామాలయం, ఏ రేవు. అంతే చాలు.

కాలువగట్టు
ఇంతసేపూ చదివాను. మీరంతా మంచి విషయాలు చెబుతున్నారు గానీ, ఒక మాట నాకు నచ్చడం లేదు. "మన దగ్గర అడ్రసులు లేవు" అన్నట్టు మాట్లాడుతున్నారు. ఎందుకు లేవు?

మా నాన్న కాలువల మీద లస్కరుగా, అంటే నీళ్లు వదిలే కాపలాదారుగా చేశారు. ఆయనకి డోరు నంబర్లు తెలియవు, తూములు తెలుసు. "లాకుల నుంచి కిందకి మూడో తూము, ఎడమ గట్టు, మర్రిచెట్టు దగ్గర దిగి రెండో బోదె" అనేవారు. బోదె అంటే పిల్లకాలువ. ఆ మాట పట్టుకుని చీకట్లో సైకిలు మీద ఎవరైనా తప్పకుండా చేరేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచీ ఈ డెల్టా అంతా కాలువని బట్టే లెక్క. లాకులు, తూము, సైఫను, వంతెన, గట్టు, రేవు. ఎడమ, కుడి అన్నది కూడా మీ ఇష్టం కాదు. నీరు పోయే వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు. నూట డెబ్భై ఏళ్లుగా చెక్కుచెదరని చిరునామా ఇది. మీ టూలుకి వీధి పేరు తప్ప ఇంకేమీ తెలియకపోతే అది టూలు లోటు, ఊరి లోటు కాదు.

పంటుదారి
ఆయ్, అదీ మాట!

మ్యాపులమేస్త్రి
బాబాయ్, మీ పోస్టు మూడుసార్లు చదివాను. మీరు చెప్పినదాన్ని అక్షరాలా టూలుతో చేయించొచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కాలువ గీతని నీరు పారే దిక్కుగానే గీయాలని నియమం. అంటే గీతకి మొదలు, చివర ఉన్నాయి. పాయింటు ఆ గీతకి ఎడమన ఉందా కుడిన ఉందా అన్నది చిన్న లెక్క. లాకుల దగ్గర నుంచి గీత వెంబడి ఎన్ని మీటర్లు వచ్చామన్నదీ లెక్కే. "ఫలానా కాలువ, ఎడమ గట్టు, లాకుల నుంచి 2.3 కిలోమీటర్లు" అని టూలే రాసి పెడుతుంది.

ఐసుబండీ, ఇంకో లాభం చూడండి. పాయింటుకీ దగ్గరలోని గుడికీ మధ్య సూటి గీత గీయించండి. ఆ గీత కాలువనో ఏరునో కోస్తే ఆ గుడిని వదిలేసి తర్వాతిదాన్ని చూడమనండి. వంతెన ఎక్కకుండా చేరగలిగిన గుర్తులే మిగులుతాయి.

భీమవరం_కోడర్
పంట కాలువలకి బాగానే ఉంటుంది గానీ, మురుగు కాలువల దగ్గర జాగ్రత్త. సముద్రం దగ్గర డ్రైన్లలో పోటు వచ్చినప్పుడు నీరు వెనక్కి నడుస్తుంది. చూసి గీసినవాళ్లు కొందరు దిక్కు తిరగేసి గీశారు. మా వైపు రెండు చోట్ల నేనే దిద్దాను.

కాలువగట్టు
పోటుకి వెనక్కి వచ్చినా డ్రైను ఎటు దిగుతుందో రైతుని అడిగితే చెప్తాడు బాబూ. సముద్రం వైపే.

అత్తిలి_అమ్మాయి
ఇంత కష్టం ఎందుకండీ? తపాలా శాఖ 2025లో డిజిపిన్ తెచ్చింది కదా. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ కలిసి చేసింది. పది అక్షరాల కోడ్, దాదాపు 4 మీటర్లకి 4 మీటర్ల గడి. చెరువుకి ఒకటి, మోటారు షెడ్డుకి ఒకటి. నెట్ లేకపోయినా లెక్క కట్టుకోవచ్చు.

పోస్టుసంచి_534
మంచిదే, నేనూ వాడి చూశాను. కానీ అది చోటుకి గుర్తు. ఎవరిల్లు, ఏ ఊరు అన్నది అందులో ఉండదు. ఆ పది అక్షరాలు చూసి నేను సైకిలు ఎటు తిప్పాలో నాకు తెలియదు కదమ్మా.

భీమవరం_కోడర్
డిజిపిన్ అంటే లాటిట్యూడ్, లాంగిట్యూడ్‌లకి వేసిన ఇంకో వేషమే. 36 డిగ్రీల చదరాన్ని పదహారు గడులు చేసి, ఒక గడిని మళ్లీ పదహారు చేసి, అలా పదిసార్లు. ఫోనులో చదివి చెప్పడానికి అంకెల కంటే సుఖం, నేనొప్పుకుంటాను. బిల్లులో అడ్రసు పక్కన అది కూడా వేయండి. అడ్రసు బదులు వేయకండి.

అత్తిలి_అమ్మాయి
సరే, రెండూ ఉండాలి. దానికి నేనూ ఒప్పుకుంటాను. కొత్త డ్రైవరుకి మర్రిచెట్టు తెలియదు, కోడ్ మాత్రం పనిచేస్తుంది అన్నదే నా మాట.

లంకగాలి
నేను ఎప్పుడూ చదువుతానే గానీ రాయను. ఇది చూశాక రాయాలనిపించింది.

2022 జులై వరదలో మా లంక చుట్టూ నీళ్లు. అమ్మమ్మకి ఆయాసం. నేను అప్పుడు హైదరాబాదులో ఉన్నాను. ఫోనులో చోటు పంపమంటే తమ్ముడు పంపాడు. నేను దాన్ని ఒక యాప్‌లో వేసి, వచ్చిన ఊరి పేరుని పడవవాళ్లకి చెప్పాను. వాళ్లు ఆ ఊరికే వెళ్లారు. ఆ ఊరు గట్టు అవతల ఉంది, పొడిగా. రికార్డుల్లో మా లంక ఆ ఊరి కిందకే వస్తుంది. లంక పేరు మాత్రం మ్యాపులో లేదు. ఇంకో మూడు గంటలు పట్టింది. అమ్మమ్మ బతికింది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ మూడు గంటలు నేను ఎలా గడిపానో ఎవరికీ చెప్పలేను.

ఇంకో సంగతి. మా లంక ప్రతి వరదకీ కొంచెం కోసుకుపోతోంది. మ్యాపులో ఏరు ఉన్నచోట ఇప్పుడు లేదు. మా పెదనాన్న కొబ్బరితోట సగం ఏట్లో ఉంది. మ్యాపు ఇంకా తోటనే చూపిస్తుంది. ఐసుకైనా అమ్మమ్మకైనా ఇది ఒకటే సమస్య.

కొబ్బరాకు
అక్కా, పేరు చెప్పు. ఇవాళే ఎక్కిద్దాం.

మ్యాపులమేస్త్రి
లంకగాలీ, ఊరి పేరు, రేవు పేరు, గుడి ఉంటే గుడి పేరు నాకు మెసేజి పెట్టమ్మా. తెలుగులో ఎలా రాస్తారో అలాగే రాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరుకి వేరే చోటు ఉంటుంది, తెలుగులో అడిగినవాళ్లకి ఆ పేరే వస్తుంది. ఒడ్డు గీత కూడా కొత్త ఉపగ్రహ చిత్రం చూసి సరిచేద్దాం. ఎక్కడ కోసుకుపోయిందో మీ తమ్ముడు గట్టు మీద నడిచి రెండు మూడు పాయింట్లు పంపితే చాలు.

ఐసుబండి_అమలాపురం
లంకగాలి గారూ, మీ పోస్టు మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మేస్త్రి గారూ, 6,400 పాయింట్లనీ నామినాటిమ్ పబ్లిక్ సర్వరుకే పంపొచ్చా?

మ్యాపులమేస్త్రి
వద్దు. అది విరాళాలతో నడుస్తుంది. సెకనుకి ఒక అభ్యర్థన మించకూడదు, ఒక్క మెషీను నుంచే పంపాలి, మీ ప్రోగ్రాం పేరు చెప్పాలి, వచ్చిన జవాబుని మీ దగ్గర దాచుకోవాలి, అడిగిందే మళ్లీ అడగకూడదు. ఒక్కసారికైతే రెండు గంటల్లోపు అయిపోతుంది గానీ, మీకు రోజూ కొత్త పాయింట్లు వస్తాయి. పైగా మీ రైతుల చెరువులన్నీ ఎక్కడున్నాయో బయటి సర్వరుకి ఎందుకు చెప్పడం? ఆ మ్యాపు సమాచారాన్ని ముక్కలుగా ఇచ్చే జియోఫాబ్రిక్ సైటులో భారతదేశం దక్షిణ భాగం ఫైలు విడిగా దొరుకుతుంది. దాన్ని దించి, మీ కంప్యూటరులోనే పెట్టుకోండి. మీకు కావలసింది మూడు జిల్లాలే కాబట్టి దాన్ని ఇంకా కత్తిరించొచ్చు.

ఐసుబండి_అమలాపురం
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. తిరగబడినవి, నిమిషాల తేడా ఉన్నవి సరిచేశాం. ఒకే చెరువు దగ్గర పదే పదే నొక్కిన పాయింట్లని కలిపేస్తే 6,400 కాస్తా 710 చెరువులయ్యాయి! ఇది ముందే చేయాల్సింది. మండలం, జిల్లా, రాష్ట్రం హద్దు లోపల చూసి తీశాం. యానాం పక్కన నాలుగు చెరువులకి రాష్ట్రం తప్పు పడి ఉంది, ఆడిటరుకి చెప్పాను. కాలువ, గట్టు, దూరం అన్నది 400 పైచిలుకు చెరువులకి వచ్చేసింది. బాబాయ్ గారి పద్ధతిలో ప్రింటు తీసి మా పాత డ్రైవరుకి చూపిస్తే, చదివి "ఇది ఎవరు చెప్పారు, మనూరోళ్లేనా?" అన్నాడు.

మిగతా 300 చెరువులకి దగ్గరలో మ్యాపులో ఏ పేరూ లేదు. బోదె లేదు, రేవు లేదు, గుడి లేదు. ఎక్కువ భాగం సఖినేటిపల్లి, అంతర్వేది వైపు.

పంటుదారి
అవన్నీ నాకు తెలుసు. నడిచి చూపిస్తాను. ఆదివారం రండి.

కాలువగట్టు
నన్నూ తీసుకెళ్లండి. మోకాళ్లు నొప్పి, బండి వెనక కూర్చుంటాను. తూముల పేర్లు చెప్పడానికి నోరుంది కదా.

భీమవరం_కోడర్
నేను నరసాపురం దాకా బస్సులో వచ్చి పంటు ఎక్కుతాను. ఇద్దరికి సరిపడా పవర్ బ్యాంకులు తెస్తాను.

లంకగాలి
మా తమ్ముడు పడవ తెస్తానంటున్నాడు. గట్టు పని అయ్యాక సాయంత్రం లంక ఒడ్డు చుట్టూ ఒకసారి తిప్పుతాడట.

పంటుదారి
అయితే పొద్దున్న ఏడింటికి సఖినేటిపల్లి రేవు, టీకొట్టు దగ్గర. ఆ టీకొట్టు కూడా మ్యాపులో లేదు, మొదటి పాయింటు అదే వేద్దాం.